సింహాసనాన్ని అమానతుగా ఎంచిన సుల్తాన్

బ్రూనై పేరు వినగానే చాలామందికి చమురు సంపద, బంగారు గుమ్మటం, రాజకుటుంబం ఆడే పోలో గుర్తుకొస్తాయి. బోర్నియో ద్వీపపు ఉత్తర తీరాన ఉన్న ఆ చిన్న ముస్లిం దేశంలో జెరుడాంగ్ పోలో మైదానాలు, మేలుజాతి గుర్రాలు రాజవైభవానికి గుర్తులయ్యాయి. ఆ వైభవానికి ముందుతరం వారైన సుల్తాన్ మూడవ ఉమర్ అలీ సైఫుద్దీన్ గురించి మనలో తెలిసినవారు తక్కువ.

ఆయన 1914 సెప్టెంబర్ 23న జన్మించారు. పదేళ్ళ ప్రాయంలోనే తండ్రి మరణించగా, అన్నగారు అహ్మద్ తాజుద్దీన్ సుల్తాన్ అయ్యారు. ఉమర్ అలీ మలయాలోని కువాలా కంగ్సార్ కళాశాలలో చదివి, స్వదేశానికి తిరిగొచ్చి అటవీ శాఖలో, తర్వాత న్యాయ శాఖలో ఉద్యోగం చేశారు. రాజు తమ్ముడై ఉండి కూడా సామాన్య ఉద్యోగులతో కలిసి పనిచేయటం వల్ల ప్రజల కష్టసుఖాలు ఆయనకు దగ్గరగా తెలిశాయి. అన్నగారికి మగ సంతానం లేనందున 1950 జూన్‌లో రాజ్యభారం ఆయనపై పడింది.

అప్పటికి బ్రూనై బ్రిటిష్ వారి రక్షణలో ఉంది. 1929లో సెరియాలో బయటపడిన చమురు ధనాన్ని తెచ్చిపెడుతోంది. ధనం చేతికొచ్చిన పాలకుడి మనసు ఎటు మొగ్గుతుందన్నదే అసలు పరీక్ష. ఆయన ఆ ధనంలో కొంత బడులకు, రోడ్లకు, ఆసుపత్రులకు మళ్ళించారు. 1955లో వృద్ధులకు పింఛను ప్రవేశపెట్టారు. 1958లో రాజధానిలో నది ఒడ్డున, నీటిపై కట్టుకున్న ఇళ్ళ పల్లె కాంపాంగ్ ఆయర్ పక్కనే గొప్ప మస్జిద్ వెలిసింది. నేటికీ అది ఆయన పేరుతోనే ఉంది. 1959 రాజ్యాంగం షాఫయీ మస్లక్‌ను అనుసరించే ఇస్లాంను దేశ అధికార మతంగా ప్రకటించింది.

ఆయన పాలన వివాదాలు లేనిదేమీ కాదు. 1962 ఎన్నికల్లో గెలిచిన ప్రజా పార్టీకి అధికారం దక్కలేదు. అదే ఏడాది డిసెంబర్‌లో తిరుగుబాటు చెలరేగింది. బ్రిటిష్ సైన్యం సాయంతో దాన్ని అణచివేసి, ఆ పార్టీని నిషేధించి, అత్యవసర పరిస్థితి విధించారు. మరుసటి సంవత్సరం మలేసియాలో చేరటానికి ఆయన నిరాకరించారు. చమురు ఆదాయం, తన హోదా ఆ సమాఖ్యలో ఏమవుతాయన్న ఆందోళన అందుకు ముఖ్య కారణం.

1967 అక్టోబర్ 4న ఆయన సింహాసనాన్ని వదులుకున్నారు. అప్పుడు ఆయన వయసు 53. ఇరవై ఒక్క సంవత్సరాల పెద్ద కుమారుడు హసనల్ బొల్కియాను గద్దెపై కూర్చోబెట్టారు. అధికార మార్పుల కోసం బ్రిటిష్ వారు తెస్తున్న ఒత్తిడి దీనికి కారణమని పలువురు చరిత్రకారులు చెబుతారు. కారణం ఏదైనా, బ్రతికుండగానే కిరీటం తీసి కొడుకు తలపై పెట్టగలగటం చిన్న విషయం కాదు. ఆ తర్వాత కూడా ఆయన పక్కనే ఉండి సలహాలిచ్చారు. 1970లో రాజధానికి ఆయన బిరుదు మీదుగా బందర్ సెరీ బెగవాన్ అని పేరు పెట్టారు. 1984లో దేశం పూర్తి స్వాతంత్ర్యం పొందినప్పుడు, కొడుకు ప్రభుత్వంలో రక్షణ మంత్రిగా పనిచేశారు. 1986 సెప్టెంబర్ 7న పరమపదించారు. అల్లాహ్ ఆయన్ని మన్నించుగాక!

సోదర సోదరీమణులారా! ఆట తప్పు కాదు. గుర్రపు స్వారీని ఇస్లాం మెచ్చుకుంది కూడా. కాని ఆట ముగిశాక మైదానం ఖాళీ అవుతుంది. మస్జిద్‌లో మాత్రం అరవై ఏళ్ళు దాటినా రోజూ ఐదు పూటలా అజాన్ వినిపిస్తూనే ఉంది. మన ఇళ్ళలో రాజ్యాలు లేకపోవచ్చు. దుకాణం తాళాలు, పొలం కాగితాలు, ఇంటి పెత్తనం ఉన్నాయి. ఇవన్నీ అమానతులే. సంతానాన్ని యోగ్యులుగా తీర్చి, బాధ్యత అప్పగించి, పక్కన నిలబడి దారి చూపే పెద్దలు ఎంతమంది? చివరి ఊపిరి దాకా గుప్పిట మూసి, తర్వాత పిల్లలు తగవులాడుకునేలా చేసే పెద్దలు ఎంతమంది? మనం ఏ వరుసలో ఉన్నామో ఈ రోజే ఆలోచించుకుందాం. అల్లాహ్ మనందరికీ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.