ఎల్.బి. స్టేడియం ఆడపడుచుకు బ్రిక్‌ఫీల్డ్స్ దండ

విశ్వావసు ఉగాది వెళ్లి అప్పటికి రెండు వారాలైంది. మా కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్‌లో తున్ సంబంతన్ రోడ్డు పొడవునా పూలకొట్ల ముందు మల్లెదండలు వేలాడుతూనే ఉన్నాయి. 2025 ఏప్రిల్ 13న వాటిలో ఒకటి సానియా మీర్జా పేరున కట్టించాలనిపించింది. దానికి సరిగ్గా పదేళ్ల కిందట, 2015 ఏప్రిల్ 13న, ఆమె మహిళల టెన్నిస్ డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యారు. భారతదేశం నుంచి ఆ మెట్టు ఎక్కిన మొదటి మహిళ ఆమే. మరో పదేళ్లు వెనక్కి వెళితే 2005 ఫిబ్రవరి, హైదరాబాద్ ఓపెన్. పద్దెనిమిదేళ్ల అమ్మాయి సొంత ఊరి జనం ముందు అల్యోనా బొండరెంకోను మూడు సెట్లలో ఓడించి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారతీయురాలైంది. ఇరవై ఏళ్ల పండగ, పదేళ్ల పండగ ఒకే ఏడాది కలిసొచ్చాయి.

ఆమె పుట్టింది ముంబయిలో, పెరిగింది హైదరాబాద్‌లో. ఇంటి భాష తెలుగు కాదు. అయితేనేం, ఊరు మనది. 1981లో ప్రపంచ తెలుగు మహాసభలు మా కౌలాలంపూర్‌లో జరిగినప్పటికి ఆమె ఇంకా పుట్టనే లేదు. ఆ సభల నాటి ముచ్చట్లు వింటూ పెరిగిన మా పిల్లలకు, “మా హైదరాబాద్ అమ్మాయి” అని చైనీస్, మలయ్ స్నేహితుల దగ్గర గర్వంగా చెప్పుకోవడానికి ఒక పేరు దొరికింది.

ఆరేళ్లకు రాకెట్ పట్టిన ఆమె ఆడింది పేడతో అలికిన కోర్టుల మీద. ఈ మాట ఆమే చెప్పారు. చదివినప్పుడు మా నాయనమ్మ గుర్తొచ్చింది. రబ్బరు ఎస్టేటులో తెల్లారకముందే లేచి ఇంటి ముంగిలి అలికేది ఆవిడ. అలాంటి నేల మీద బంతి ఎలా లేస్తుందో, ఎటు తిరుగుతుందో ఎవరు చెప్పగలరు? ఆ నేల మీద అలవాటైన చేతి నుంచే ఆ ఫోర్‌హ్యాండ్ వచ్చింది. అంత బలమైన దెబ్బ మన ఆడపిల్లల్లో అంతకుముందు నేను చూడలేదు.

2007 ఆగస్టులో సింగిల్స్‌లో 27వ ర్యాంకు. అక్కడిదాకా అంతా పైపైకే. ఆ తర్వాత మోకాళ్లు, మణికట్టు మొరాయించాయి. ఒక దశలో జుట్టు కూడా దువ్వుకోలేకపోయానని ఆమే చెప్పుకున్నారు. శస్త్రచికిత్సలయ్యాయి. చివరికి 2013లో సింగిల్స్ వదిలేశారు. చాలామంది అక్కడితో ఆమె పనైపోయిందనుకున్నారు. నా దృష్టిలో అసలు సానియా కనిపించింది అప్పుడే. ఒంటిచేత్తో గెలిచే ఆట చేజారితే, పక్కన ఇంకొకరిని నిలబెట్టుకుని గెలిచే ఆటలో శిఖరం ఎక్కారు. 2014లో తెలుగు కుర్రాడు సాకేత్ మైనేనితో కలిసి ఇంచియాన్ ఆసియా క్రీడల్లో మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం తెచ్చారు. నెల తిరగకుండానే మా పొరుగున సింగపూర్‌లో కారా బ్లాక్‌తో కలిసి డబ్ల్యూటీఏ ఫైనల్స్ టైటిల్. అదీ 6-1, 6-0తో!

2015 వింబుల్డన్ ఫైనల్ నాడు ఇంట్లో అందరూ నిద్రపోతుంటే టీవీ శబ్దం తగ్గించి కూర్చున్నాను. మార్టినా హింగిస్‌తో సానియా, అవతల మకరోవా, వెస్నినా. మూడో సెట్‌లో మనవాళ్లు 2-5 వెనకబడ్డారు. టీవీ కట్టేద్దామని లేచాను కూడా. చేయి రాలేదు. ఒక్కో గేమూ లాక్కుంటూ 5-5 చేశారు. అక్కడ చీకటి పడింది, ఆట ఆపి సెంటర్ కోర్టు పైకప్పు మూశారు, దీపాలు వేశారు. ఇక్కడ మాకు తెల్లవారుజాము. తిరిగొచ్చి రెండు గేములు ఆడారు, రెండూ గెలిచారు. 7-5. నేను అరిచిన అరుపుకు ఇల్లంతా లేచింది.

సానియా, హింగిస్ జోడీ వరసగా 41 మ్యాచ్‌లు ఓడలేదు. సానియాకు మొత్తం ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు, డబుల్స్‌లో 43 డబ్ల్యూటీఏ టైటిళ్లు, 91 వారాల నంబర్ వన్ స్థానం. లెక్కలు ఇంకా ఉన్నాయి గాని, నాకు వాటికంటే 2020 ఎక్కువ. బిడ్డ పుట్టాక 26 కిలోలు తగ్గి, ఆ జనవరిలో హోబార్ట్‌లో తొలి టోర్నీలోనే గెలిచారు. అదే ఏడాది ఫెడ్ కప్ హార్ట్ అవార్డు వస్తే ఆ డబ్బు తెలంగాణ ముఖ్యమంత్రి సహాయనిధికి ఇచ్చేశారు.

2023 మార్చి 5న వీడ్కోలు మ్యాచ్ ఎక్కడ ఆడారనుకున్నారు? హైదరాబాద్ ఎల్.బి. స్టేడియంలోనే, 2005లో గెలిచిన చోటే. ప్రపంచమంతా తిరిగొచ్చి సొంతూరి జనం ముందే రాకెట్ దించారు. ఇప్పుడు ఆ ఊళ్లోనే ఆమె అకాడమీలో పిల్లలు ఆట నేర్చుకుంటున్నారు.

సానియా గారూ, పదేళ్ల, ఇరవై ఏళ్ల ఈ జంట పండగకు మా అందరి అభినందనలు. ఎప్పుడైనా కౌలాలంపూర్ వస్తే కే.ఎల్. సెంట్రల్‌లో దిగండి. అక్కణ్నుంచి మా వీధి నడిచి వచ్చేంత దూరమే. అరిటాకు వేసి భోజనం పెడతాం. దండ కట్టించి ఉంచుతాం.