వైజాగ్, కాకినాడపై బాంబులు వేయించిన జపాన్ అడ్మిరల్.. ఎవరీ ఒజావా? చివరికి ఏమయ్యాడు?

1942 ఏప్రిల్ 6, సోమవారం. పట్టపగలు విశాఖపట్నం, కాకినాడ మీదకి జపాన్ విమానాలు దూసుకొచ్చాయి. రేవుల దగ్గర బాంబులు పడ్డాయి. అప్పటిదాకా రెండో ప్రపంచ యుద్ధం అంటే మనవాళ్లకి పేపర్లో చదివే వార్తే. ఆ రోజు అది ఇంటి గుమ్మం దాకా వచ్చేసింది. భారత ప్రధాన భూభాగంపై జపాన్ వేసిన తొలి బాంబులు ఇవే. ఆ దాడి వెనకున్న వ్యక్తి వైస్ అడ్మిరల్ జిసబురో ఒజావా.

ఐడియా ఒకరిది.. పదవి ఇంకొకరిది!

ఒజావా 1886 అక్టోబర్ 2న జపాన్ దక్షిణాన మియజాకి ప్రాంతంలోని తకనబేలో పుట్టాడు. 1909లో నేవల్ అకాడమీ నుంచి బయటికొచ్చి, టార్పెడో యుద్ధంలో ఆరితేరాడు. అయితే రాబోయే యుద్ధాల్లో పెద్ద ఫిరంగుల కంటే విమానాలే కీలకమని ముందే పసిగట్టాడు. విమాన వాహక నౌకల్ని తలో దిక్కూ పంపకుండా ఒకే దళంగా కలిపి కొట్టాలని 1940లో ప్రతిపాదించాడు. 1941లో ఆ దళం ఏర్పడింది. కానీ సీనియారిటీ లెక్కల్లో దాని పగ్గాలు నగుమో చేతికి వెళ్లాయి. పెర్ల్ హార్బర్‌పై విరుచుకుపడింది ఆ దళమే. ఒజావాకి దక్కింది మలయా దండయాత్రకి కాపు కాసే పని.

మన సముద్రంలోకి ఎలా వచ్చాడు?

1942 మార్చి నాటికి సింగపూర్, రంగూన్, అండమాన్ జపాన్ చేతికి చిక్కాయి. ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం నాడు నగుమో ఐదు పెద్ద వాహక నౌకలతో కొలంబోపై దాడి చేశాడు. అదే సమయంలో బంగాళాఖాతంలో సరుకు నౌకల్ని వేటాడే బాధ్యత ఒజావాది. ఆయనకి ఇచ్చింది ఒక్కటంటే ఒక్కటే చిన్న వాహక నౌక, ర్యూజో. తోడుగా చోకై సహా ఐదు భారీ క్రూయిజర్లు, యూరా అనే తేలికపాటి క్రూయిజర్, కొన్ని డిస్ట్రాయర్లు.

ఏప్రిల్ 1న బర్మాలోని మెర్గుయి నుంచి బయల్దేరిన ఈ దళాన్ని ఒజావా మూడు ముక్కలు చేశాడు. ఒరిస్సా తీరం నుంచి ఆంధ్ర తీరం దాకా వల పన్నాడు. అప్పటికే దాడి భయంతో బ్రిటిష్ అధికారులు కలకత్తా నుంచి నౌకల్ని ఖాళీ చేయించి సముద్రంలోకి పంపేశారు. వాటికి యుద్ధనౌకల కాపలా లేదు. పైన విమానాల రక్షణా లేదు. అవన్నీ నేరుగా ఒజావా వలలో పడ్డాయి.

కొద్ది రోజుల్లోనే 20కి పైగా నౌకలు మునిగిపోయాయి. మొత్తం లక్ష టన్నులకు పైమాటే. డార్డనస్ అనే నౌక ముందు రోజు బాంబు దెబ్బ తింది. గందారా అనే మరో నౌక దాన్ని తాడు కట్టి మద్రాసు వైపు లాక్కెళ్తుండగా, ఏప్రిల్ 6న జపాన్ క్రూయిజర్లు రెండింటినీ ముంచేశాయి. కష్టంలో ఉన్న తోటి నౌకని వదలకపోవడమే గందారా చేసిన తప్పయింది!

ఖాళీ అయిన ఊళ్లు

కాకినాడ నుంచి మచిలీపట్నం, నెల్లూరు మీదుగా మద్రాసు దాకా తీరమంతా ఒకటే భయం. జపాన్ సైన్యం ఏ క్షణాన దిగుతుందోనన్న పుకార్లు. వైజాగ్‌లో జనం మూటా ముల్లె సర్దుకుని పల్లెలకి పరుగులు తీశారు. మద్రాసులో ప్రభుత్వ కార్యాలయాల్ని లోపలి ఊళ్లకి తరలించారు. తూర్పు తీరంలో నౌకల రాకపోకలు దాదాపు ఆగిపోయాయి. విశాఖలో 1941లో శంకుస్థాపన జరిగిన సింధియా షిప్‌యార్డు పనులకూ దెబ్బ తగిలింది. అక్కడ తయారైన జల ఉష నీటిలోకి దిగడానికి 1948 దాకా ఆగాల్సి వచ్చింది.

నిజానికి ఒజావా దగ్గర తీరంలో దింపడానికి సైన్యమే లేదు. వచ్చాడు, కొట్టాడు, వెళ్లిపోయాడు. కానీ తెల్లదొరల రక్షణ ఎంత డొల్లో జనానికి తెలిసిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఢిల్లీలో క్రిప్స్ రాయబారం నడుస్తోంది. నాలుగు నెలలు తిరక్కుండానే క్విట్ ఇండియా ఉద్యమం మొదలైంది.

వేటగాడే ఎరగా మారాడు

ఒజావా కోరుకున్న వాహక దళం ఎట్టకేలకు ఆయన చేతికొచ్చింది. అప్పటికే ఆలస్యమైంది. 1944 జూన్‌లో ఫిలిప్పీన్ సముద్రంలో 9 వాహక నౌకలతో అమెరికాని ఢీకొని మూడింటిని, వందల విమానాల్ని పోగొట్టుకున్నాడు. రాజీనామా ఇస్తానంటే పైవాళ్లు ఒప్పుకోలేదు. అక్టోబర్‌లో లెయిటే యుద్ధంలో ఆయనకి ఇచ్చింది ఇంకా ఘోరమైన పని. తగినన్ని విమానాల్లేని నాలుగు వాహక నౌకలతో అమెరికా దళాన్ని పక్కదారి పట్టించే ఎరగా మారడం. ఎర పారింది. నాలుగు నౌకలూ మునిగిపోయాయి. బతికి బయటపడ్డ ఒజావా 1945 మేలో జపాన్ సంయుక్త నౌకాదళానికి ఆఖరి అధిపతి అయ్యాడు. పూర్తి అడ్మిరల్ హోదా ఇస్తామన్నా తీసుకోలేదు. యుద్ధం తర్వాత ప్రచారానికి దూరంగా బతికి, 1966 నవంబర్ 9న 80 ఏళ్ల వయసులో చనిపోయాడు.

మన తీరాన్ని వణికించిన ర్యూజో 1942 ఆగస్టులోనే మునిగింది. 1944 నవంబర్ ముగిసేసరికి చోకై, యూరా సహా ఆ దళంలోని క్రూయిజర్లన్నీ సముద్రం పాలయ్యాయి. ఆ రోజు వైజాగ్‌లో పడి పేలకుండా మిగిలిన ఒక బాంబు మాత్రం ఇప్పటికీ బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది.