హెండ్రిక్స్ హోరును పట్టిన మైకు

జిమీ హెండ్రిక్స్ 1942లో అమెరికాలోని సియాటిల్‌లో పుట్టాడు. కొన్నాళ్లు సైన్యంలో పారాట్రూపర్. ఆ తర్వాత కొన్నేళ్లు ఇతరుల బ్యాండ్లలో వెనక నిలబడి గిటార్ వాయించాడు. 1966లో లండన్ చేరాకే పేరొచ్చింది.

పేరుతోపాటు ఓ చిక్కూ వచ్చింది. వంద వాట్ల మార్షల్ యాంప్లిఫయర్‌ను బాగా పెంచితేనే అతనికి కావలసిన గర్జన, కీచు పలికేవి. ఆ హోరును టేపు మీదికి ఎక్కించేదెలా? ఒలింపిక్ స్టూడియో ఇంజినీర్ ఎడ్డీ క్రామర్ స్పీకర్ ముందు రిబ్బన్ మైకు పెట్టాడు. గట్టిగా ఊదితేనే చెడిపోగల పల్చటి లోహపు రేకు అందులో ఉంటుంది. సాహసమనే చెప్పాలి. మైకును స్పీకర్ మధ్యకు జరిపితే ధ్వని పదునెక్కుతుంది, అంచుకు జరిపితే మెత్తబడుతుంది. వెనక్కి లాగితే గది కూడా వినిపిస్తుంది. అంతా అంగుళాల వ్యవహారం.

హెండ్రిక్స్‌కు ఈ పని వ్యసనమైంది. తన గొంతంటే సిగ్గుపడి తెర చాటున పాడే మనిషి, గిటార్ ధ్వని కోసం గంటలకొద్దీ స్టూడియో వదిలేవాడు కాదు. అద్దె తడిసి మోపెడైంది. చివరికి న్యూయార్క్‌లో సొంతంగా ఎలక్ట్రిక్ లేడీ స్టూడియో కట్టించుకున్నాడు. 1970 ఆగస్టు 26న ప్రారంభోత్సవం. సెప్టెంబరు 18న లండన్‌లో చనిపోయాడు. అప్పటికి 27 ఏళ్లు. ఆ స్టూడియో ఇంకా నడుస్తోంది.