భూపటలపు అడుగును కనుగొన్న మొహొరొవిచిచ్

ఆంద్రియా మొహొరొవిచిచ్ 1857 జనవరి 23న ఆడ్రియాటిక్ తీరంలోని వొలొస్కో అనే చిన్న ఊరిలో జన్మించారు. నేడు అది క్రొయేషియా దేశంలో ఉన్నది. నాడు ఆస్ట్రియా సామ్రాజ్యంలోనిది. తండ్రి ఓడలకు లంగరులు చేసే కమ్మరి. తల్లి ఆయన పుట్టిన కొద్దికాలానికే కన్నుమూసింది. పదిహేనేళ్ళకే ఇటాలియన్, ఫ్రెంచి, ఇంగ్లీషు నేర్చిన ఆ బాలుడు ప్రాగ్ నగరంలో గణిత, భౌతిక శాస్త్రాలు అభ్యసించారు. అచ్చట ఎర్నెస్ట్ మాఖ్ ఆయనకు గురువు.

చదువు ముగిసిన పిమ్మట ఉపాధ్యాయులైనారు. బకర్ రేవులోని నావికా పాఠశాలలో బోధిస్తూనే 1887లో అక్కడొక వాతావరణ కేంద్రం నెలకొల్పారు. 1892లో జాగ్రెబ్ పరిశీలనాలయానికి అధిపతియై, మరుసటి ఏడు మేఘాలపై చేసిన పరిశోధనకు డాక్టరేటు పొందారు. భూకంపాల వైపు ఆయన దృష్టి మళ్ళినది నలభై దాటిన తరువాతనే!

అయితే పరికరాలేవి? 1906లో బుడాపెస్టు నుండి ఒక భూకంపలేఖినిని అరువు తెచ్చుకొన్నారు. తరువాత జర్మను శాస్త్రజ్ఞుడు వీఖర్ట్ రూపొందించిన మేలైన యంత్రాలు 1908, 1909 సంవత్సరాలలో జాగ్రెబ్ చేరినవి. ప్రయోగశాలకు నిధులు మంజూరు చేసే పెద్దలు ఈ తేదీలను కొంచెం గమనింతురు గాక. ఏలయన 1909 అక్టోబరు 8న జాగ్రెబ్‌కు సుమారు 40 కిలోమీటర్ల దూరాన, కూపా నదీలోయలో భూమి కంపించింది.

ఆయన యూరపులోని పలు పరిశీలనాలయాల నుండి నమోదు పత్రాలు తెప్పించి, తరంగాలు చేరిన వేళలను సరిపోల్చారు. మొదట చేరే తరంగం ఒక్కటే ఉండవలసిన చోట, కొన్ని దూరాలలో రెండు కనిపించినవి. కారణమేమి? మన పల్లెలలో ఒకడు పొలంగట్ల వెంట నడిచిపోతాడు. మరొకడు చుట్టు తిరిగి రాదారి చేరి బస్సెక్కుతాడు. పొరుగూరికైతే నడిచినవాడే ముందు చేరుతాడు. దూరపు పట్టణానికైతే బస్సుదే గెలుపు. భూకంప తరంగాలదీ అదే తీరు. పైపొరలో సెకనుకు దాదాపు 5.7 కిలోమీటర్లు సాగే తరంగాన్ని, లోతునకు దిగి 7.7 కిలోమీటర్లకు పైబడిన వేగంతో పరుగిడిన తరంగం దూరాన దాటిపోయింది. అనగా లోపల ఒకచోట శిల స్వభావమే మారుతున్నది. ఆ సరిహద్దు లోతు 54 కిలోమీటర్లని ఆయన గణించారు. ఖండాల క్రింద అది సగటున 35 కిలోమీటర్ల లోతున ఉన్నదని తరువాత తేలినను, సరిహద్దు మాత్రం నిజమైనదే. పైన భూపటలం, క్రింద ప్రావారం.

ఈ ఫలితాన్ని ఆయన 1910లో క్రొయేషియన్, జర్మన్ భాషలు రెండింటా ప్రకటించారు. లోకానికి తెలియడానికి జర్మన్ చాలును. అయినను తన భాషను విడువలేదు. రెండు భాషల నడుమ చదువుకొనే మన విద్యార్థులకు ఇది వింతగా తోచదు. భూకంపానికి భవనాలు ఎట్లు ఊగునో కూడ ఆయన ఆనాడే ఇంజనీర్లకు వివరించారు. 1936 డిసెంబరు 18న జాగ్రెబ్‌లో పరమపదించారు.

ఆ సరిహద్దును నేడు ముద్దుగా మోహో అంటారు. పసిఫిక్ సముద్రపు అడుగు జపాను దీవుల క్రిందికి జారిపోతున్న చోట, పైనున్న భూపటలం మందమెంతో ఇట్టి తరంగాలతోనే కొలుస్తున్నారు. మన నెల్లూరు జిల్లా కావలి నుండి పడమటి తీరాన ఉడుపి వరకు 1970 దశకంలో హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ప్రేలుళ్ళతో తరంగాలు పుట్టించి మోహో లోతును కనుగొన్నది. అది సుమారు 34 నుండి 41 కిలోమీటర్లు. రష్యాలోని కోలా వద్ద మానవుడు త్రవ్విన మిక్కిలి లోతైన రంధ్రం 12 కిలోమీటర్లు దాటి కొద్ది దూరంలోనే ఆగిపోయింది.