ముఖమును చదివిన శిల్పి: హూడన్

చరిత్రపురుషుల కార్యములను గ్రంథములు నిలుపును. వారి ముఖములను నిలుపవలసినవారు చిత్రకారులును శిల్పులును. రాజులకును వీరులకును ప్రతిమలు చేసినవారు ప్రతి దేశమునందును కలరు; కాని వారిలో పెక్కుమంది ఆ ముఖములందు తమ భక్తినో, ధనమిచ్చినవారి కోరికనో దిద్దిరి. ఉన్న ముఖమును ఉన్నట్లు రాబోవు తరములకు అప్పగించుటయే శిల్పిధర్మమని నమ్మి, తన దీర్ఘజీవితమును దానికే వెచ్చించినవాడు ఫ్రెంచి శిల్పి జాన్ అంత్వాన్ హూడన్.

హూడన్ 1741వ సంవత్సరమున వెర్సేల్స్ నగరమున జన్మించెను. అతని తండ్రి ఒక ప్రభువు భవనమున సేవకుడు. కొంతకాలమునకు ఆ భవనము రాజపోషణ పొందు యువ చిత్రకారులకును శిల్పులకును విద్యాలయమయ్యెను. తండ్రి దానికి ద్వారపాలకుడయ్యెను. ఇట్లు ఆ బాలునకు పలకాబలపములకన్న ముందే తడిమన్ను చేతికి అందెను. ఇరువదియవ యేట, 1761లో, శిల్పమున రాజబహుమానమును గెలిచెను. 1764 మొదలు 1768 వరకు రోమునగరమున విద్యాభ్యాసము చేసెను.

రోమునందు ప్రాచీన విగ్రహములను చూచుటతో అతడు తృప్తినొందలేదు. వైద్యశాలలో శవపరీక్షలు జరుగుచోటికి పోయి, చర్మము క్రింది కండరముల పొందికను ఓపికతో అభ్యసించెను. దాని ఫలముగా 1767లో చర్మము తీసిన మనుష్యుని నిలువెత్తు విగ్రహమొకటి అతని చేతిలో రూపొందెను. ఆ విగ్రహపు నకళ్ళు ఐరోపాలోని చిత్రశిల్ప పాఠశాలలలో చిరకాలము బోధనకు ఉపకరించినవి. చెంపపై ముడుత యేల పడినది, పెదవి కొస యేల వంగినది యను ప్రశ్నలకు సమాధానము ఎముకయందును కండరమునందును కలదని అతడు గ్రహించెను.

కంఠము వరకో, ఎదభాగము వరకో గల చిన్న ప్రతిమను బస్టు అందురు. దానిని చేయుటలో హూడన్ పద్ధతి ఇట్టిది. మొదట మనిషిని ఎదుట కూర్చుండబెట్టుకొని ముఖపు కొలతలు తీయును. పిదప తడిమన్నును ముద్దలు ముద్దలుగా చేర్చుచు, బొటనవ్రేలితోను కొయ్యపనిముట్లతోను నొక్కుచు, గీయుచు, పోలిక తెచ్చును. మట్టిరూపము కుదిరిన తరువాత దానినుండి అచ్చు తీసి ప్లాస్టరుతో పోతపోయును. కొన్నింటిని మట్టిలోనే కాల్పించును. కోరినవారికి పాలరాతిలో చెక్కును.

అన్నిటికన్న అతనికి కీర్తి తెచ్చినది కన్నుల పని. తెల్లని రాతిలో నల్లగ్రుడ్డును చూపుటెట్లు? హూడన్ ఆ భాగమును లోతుగా తొలిచి, పైయంచున చిన్న తునుకను మాత్రము వదలెడివాడు. తొలిచినచోట నీడ నిండును. ఆ తునుకపై వెలుగు పడి కన్ను మెరయును. మన స్థపతులు విగ్రహమునకు కడపట నేత్రోన్మీలనము చేయుదురు. అందలి మంత్రవిధి వేరైనను, కన్ను తెరచిన పిదపనే ప్రతిమకు ప్రాణమను భావము హూడన్ పనియందును కానవచ్చును.

1771లో తత్త్వవేత్త దిదరో బస్టుతో అతని పేరు మారుమ్రోగెను. 1778 ఫిబ్రవరిలో, ఎనుబదిమూడేండ్ల వోల్టేరు చిరకాల ప్రవాసము ముగించి పారిస్ చేరగా, హూడన్ ఆయనను చూచి ప్రతిమ చేసెను. పండ్లూడిన నోరు, ముడుతలు పడిన చెంపలు, వాని నడుమ ఆరని పరిహాసపు నవ్వు, అన్నియు అందు కలవు. ఆ మే 30వ తేదీన వోల్టేరు గతించెను. జూలై 2వ తేదీన రూసో మరణింపగా, మరునాడే హూడన్ పోయి మృతుని ముఖపు అచ్చు తీసెను. 1673లోనే మరణించిన నాటకకర్త మోలియేరును చూచు భాగ్యము అతనికెట్లు కలుగును? పాత చిత్రపటములే ఆధారముగా, సజీవుడని భ్రమగొలుపు బస్టును 1778 నాటికి పూర్తిచేసెను. మహాపురుషులకు చూపిన శ్రద్ధనే చిన్నపిల్లల ముఖములందును చూపెను. 1777లో చేసిన బ్రోన్యార్ బిడ్డల ప్రతిమలు అందుకు సాక్ష్యము.

అమెరికాలోని వర్జీనియా శాసనసభ జార్జి వాషింగ్టన్ విగ్రహమును చేయింప నిశ్చయింపగా, పారిస్‌లోనున్న జెఫర్‌సన్ హూడన్‌ను ఎన్నుకొనెను. చిత్రపటమును చూచి చేయుటకు హూడన్ అంగీకరింపలేదు. ఆనాటి సముద్రయానము ప్రాణముతో చెలగాటము. కనుక తన వారికొరకు జీవితభీమా చేయించుకొని, 1785 జూలైలో ఫ్రాంక్లిన్‌తో కలసి ఓడ ఎక్కెను. పనిముట్లు సకాలమున రేవు చేరకపోవుటచే, అమెరికాలో వేరే సమకూర్చుకొనవలసివచ్చెను. అక్టోబరు 2వ తేదీ రాత్రి మౌంట్ వెర్నన్‌లోని వాషింగ్టన్ గృహమును చేరి, రెండు వారములకు పైగా అందుండెను. అచ్చు తీయుటకై వాషింగ్టన్‌ను బల్లపై పరుండబెట్టి, శ్వాసకై నాసికలలో ఈకగొట్టములుంచి, ముఖమున ప్లాస్టరు పూయుచుండగా, ఆరేండ్ల నెల్లీ కస్టిస్ చూచి, తనను పెంచుచున్న పెద్దాయన మరణించెనని భయపడినదట! అక్కడ చేసిన మట్టిబస్టు నేటికిని మౌంట్ వెర్నన్‌లోనే కలదు. నిలువెత్తు పాలరాతి విగ్రహమును 1796లో రిచ్‌మండ్ నగరపు శాసనసభా భవనమున నిలిపిరి.

ఫ్రెంచి విప్లవముతో అతని పోషకులు చెదరిపోయిరి, పనులు తగ్గెను. 1806లో నెపోలియన్ బస్టును చేసెను గాని, పూర్వవైభవము మరలి రాలేదు. 1828 జూలై 15వ తేదీన, ఎనుబది యేడేండ్ల వయసున, పారిస్‌లో మరణించెను.

అతని పనికి కఠినమైన పరీక్ష అటుపై డెబ్బది యేడేండ్లకు వచ్చెను. అమెరికా నౌకావీరుడు జాన్ పాల్ జోన్స్ బస్టును హూడన్ 1780లో చేసియుండెను. జోన్స్ 1792లో పారిస్‌లో మరణించెను. అతని సమాధి కాలక్రమమున ఇండ్లక్రింద మరుగుపడెను. 1905లో అచ్చట త్రవ్వింపగా ఒక సీసపు పేటికలో చెడక నిలిచిన దేహము దొరకెను. అది ఎవరిది? శరీరశాస్త్రజ్ఞులు హూడన్ బస్టును తెప్పించి, నుదురును, ముక్కును, గడ్డమును కొలచి, ఆ మృతముఖముతో పోల్చిచూచిరి. కొలతలు సరిపోయెను. దేహము జోన్స్‌దేయని నిర్ణయించి, సైనికగౌరవములతో అమెరికాకు కొనిపోయిరి. తన వీరుని నుదురును వ్రేలెడు పెంచియుండినను, ముక్కును కొంత తీర్చియుండినను, నూటయిరువదియైదేండ్ల తరువాత ఆ బస్టు సాక్ష్యమునకు పనికిరాకయే పోయెడిది.