చొక్కా కూడా పందెం కాసిన పునీతుడు

జూలై వచ్చిందంటే మలక్‌పేటలో వానాకాలపు గుర్రప్పందేలు మొదలవుతాయి. అదే నెల 14వ తేదీన శ్రీసభ పునీత కమిల్లస్ దె లెల్లిస్ పండుగ జరుపుకుంటుంది. ఈ రెండింటికీ సంబంధం ఏమిటని పాఠకులు అడగవచ్చు. రోగులకు, ఆసుపత్రులకు, నర్సులకు ఆయన పాలక పునీతుడని మనలో చాలామందికి తెలుసు. కాని ఇరవై నాలుగేళ్లు నిండేవరకు ఆయన పేకలూ పాచికలూ తప్ప మరో ధ్యాస లేని సిపాయి అన్న సంగతి అంతగా తెలియదు. పందెం పిచ్చి గుల్ల చేసిన ఇళ్లు మా దూలపల్లి, కొంపల్లి వైపు విచారణల్లోనూ ఉన్నాయి కనుక ఈ వారం ఆయన కథ చెప్పుకుందాం.

కమిల్లస్ 1550 మే 25న ఇటలీలో, అప్పటి నేపుల్స్ రాజ్యానికి చెందిన బుక్కియానికో గ్రామంలో పుట్టాడు. తల్లి పేరు కమిల్ల. వయసు మళ్లాక కలిగిన బిడ్డ. కడుపుతో ఉన్నప్పుడు ఆమెకు ఒక కల వచ్చిందని చెబుతారు: కొడుకు రొమ్ము మీద ఒక సిలువ గుర్తు, అతని వెనుక అదే గుర్తుతో మరికొందరు. మరణశిక్ష పడిన నేరస్థులకు ఆ రోజుల్లో అలాంటి గుర్తు ఉండేది. అందుచేత తన బిడ్డ దొంగలముఠాకు నాయకుడవుతాడేమోనని ఆ తల్లి భయపడింది. 1562లో ఆమె కన్నుమూసేనాటికి ఆ భయం తీరే సూచన ఒక్కటీ కనిపించలేదు.

తండ్రి జొవాన్ని సైన్యంలో అధికారి. ఇంటి పట్టున ఉండేది తక్కువ. ఆయనకున్న జూదం అలవాటు కొడుకుకూ అంటుకుంది. వెనీసు సైన్యంలో చేరి తురుష్కులతో పోరాడాలని తండ్రీకొడుకులు కలిసే బయలుదేరారు. దారిలో తండ్రి జబ్బుపడి చనిపోయాడు. కొడుకుకు మిగిల్చింది ఒక కత్తి, ఒక బాకు, ఆ అలవాటు. రేసుకోర్సుకు కుర్రవాణ్ణి వెంటబెట్టుకెళ్లి, వాడి చెయ్యి మంచిదని వాడి చేతనే గుర్రం నంబరు చెప్పించుకునే తండ్రులు ఈ ముక్క దగ్గర కాస్త ఆగి చదవాలి.

తండ్రి పోయిన దుఃఖంలో, ఫెర్మో పట్టణంలో ఇద్దరు ఫ్రాన్సిస్కన్ సన్యాసులను చూసి, తానూ ఆ సభలో చేరతానని కమిల్లస్ మొక్కుకున్నాడు. మఠంలో ఉన్న బంధువు అతణ్ణి చేర్చుకోలేదు. మొక్కు గాలికి పోయింది. అప్పటికే అతని కాలికి ఒక పుండు లేచింది. దాని చికిత్స కోసం 1571లో రోము నగరంలోని సాన్ జాకొమొ ఆసుపత్రిలో చేరి, అక్కడే పరిచారకుడిగా పనికి కుదిరాడు. రోగులను వదిలేసి పేకాటకు కూర్చోవడం, తోటివారితో తగవులాడడం చూసి కొన్ని నెలలకే అధికారులు వెళ్లగొట్టారు. మళ్లీ సైన్యం, మళ్లీ జీతం, మళ్లీ పేకలు.

1574లో సైన్యం నుంచి విడుదలై నేపుల్స్ చేరాడు. దాచుకున్న డబ్బు పోయింది. ఆయుధాలు పోయాయి. చివరికి ఒంటి మీది చొక్కా కూడా పందెంలో పెట్టి పోగొట్టుకున్నాడు. ఆరడుగులకు మించిన ఆజానుబాహుడు, యుద్ధాలు చూసినవాడు, వీధిలో చొక్కా లేకుండా నిలబడ్డాడు.

ఇక్కడ ఒక మాట. అతడు రోజూ ఓడి ఉంటే ఎప్పుడో మానేసేవాడు. మధ్యమధ్య గెలిచాడు, ఆ గెలుపే అతణ్ణి కూర్చోబెట్టింది. మన రేసుల కథా అంతే. హైదరాబాదులో పందేలు 1868లో మౌలాలిలో మొదలై, 1886లో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ హయాంలో మలక్‌పేటకు మారాయి. మధ్యలో సికింద్రాబాద్ పరేడ్ మైదానానికి వెళ్లి, మళ్లీ మలక్‌పేటకే వచ్చాయి. అక్కడి టోట్ లెక్క చాలా సులువు. అందరూ కట్టిన డబ్బు ఒక కుప్పగా పోస్తారు. అందులోంచి క్లబ్బు వాటా, ప్రభుత్వ పన్ను ముందే తీసేస్తారు. మిగిలినదే గెలిచిన టిక్కెట్లకు పంచుతారు. అంటే ఏ గుర్రం గెలిచినా, పందెం కట్టినవారందరినీ కలిపి చూస్తే ఇంటికి తీసుకెళ్లేది తెచ్చినదానికంటే తక్కువే. 2025 సెప్టెంబరు 22 నుంచి పందేల మీద జీఎస్టీ 40 శాతానికి పెరిగింది. ఆ కాలపు పేకాటలో ఒకడు పోగొట్టుకున్నది ఇంకొకడికైనా దక్కేది! ఒక వారం ఫేవరిట్ గుర్రం గెలిచి చేతికి వచ్చిన సొమ్ము వీధంతా తెలుస్తుంది. తరువాతి పది వారాలు పోయింది మాత్రం ఇల్లాలికి, కిరాణా కొట్టువాడికే తెలుస్తుంది.

శ్రీసభ పందేన్ని అదే పాపమని అనదు. కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2413వ అంశంలో చెప్పినది ఏమిటంటే, తన అవసరాలకూ తన మీద ఆధారపడినవారి అవసరాలకూ కావలసినది పందేనికి పోయినప్పుడు అది తప్పవుతుంది. ఆ మోజు మనిషిని బానిసగా చేసుకోగలదు. బడి ఫీజు, ఇంటి అద్దె ఎవరి అవసరాలో వేరే చెప్పనక్కరలేదు.

కమిల్లస్ మన్‌ఫ్రెదోనియా చేరి గుడి ముంగిట అడుక్కున్నాడు. ఒక ధనికుడు జాలిపడి కపూచిన్ సభవారి మఠం కట్టేచోట పని ఇప్పించాడు. గాడిదల మీద రాళ్లు, సున్నం, నీళ్లు మోసే పని. మొదట సిగ్గుపడ్డాడు, పారిపోవాలనుకున్నాడు. చలికాలం గడిచేదాకా ఉందామని ఉండిపోయాడు. 1575 ఫిబ్రవరి 1న ఒక పని మీద సాన్ జొవాన్ని రొతొందో మఠానికి పంపారు. పాద్రే పియో గారు ఇరవయ్యో శతాబ్దంలో అర్ధశతాబ్దానికి పైగా నివసించినది ఈ ఊళ్లోనే. అక్కడి మఠాధిపతి ఆ సాయంత్రం అతనితో ఏకాంతంగా మాట్లాడారు. మరునాడు, బాలయేసును దేవాలయంలో సమర్పించిన పండుగ రోజున, తిరుగుదారిలో కమిల్లస్ రాళ్ల మీద మోకరిల్లి చాలాసేపు ఏడ్చాడు. ఆ తరువాత ఆయన పేకముక్క పట్టలేదు.

కథ అక్కడితో సుఖాంతం కాలేదు. కపూచిన్ సభలో చేరారు. కాలిపుండు తిరగబెట్టి పంపించివేశారు. కొన్నేళ్లకు మళ్లీ చేర్చుకున్నారు, మళ్లీ అదే కారణంతో పంపించారు. పుండు మానడానికి వెళ్లిన ప్రతిసారీ సాన్ జాకొమొ ఆసుపత్రికే చేరవలసి వచ్చింది. తనను తరిమేసిన ఆ ఆసుపత్రిలోనే నమ్మకస్తుడై, క్రమంగా దాని నిర్వహణాధికారి అయ్యారు. అక్కడి రోగులు కూలిపరిచారకుల చేతిలో ఎంత నిర్లక్ష్యానికి గురవుతున్నారో చూశారు. ఒకప్పుడు తానే అలాంటి పరిచారకుడు కదా! జీతం కోసం కాక ప్రేమ కోసం రోగులను చూసుకునే సహోదరుల గుంపు ఒకటి కావాలని 1582లో ఆయన మనసులో పడింది.

అందుకు గురువు కావాలి. ముప్పై రెండేళ్ల వయసులో రోము కళాశాలలో చిన్నపిల్లల మధ్య కూర్చుని లతీను నేర్చుకున్నారు. 1584లో గురుపట్టం పొందారు. ఆయన పాపసంకీర్తనలు వింటూ వచ్చిన పునీత ఫిలిప్ నేరి ఆసుపత్రి వదలవద్దన్నా వినలేదు. ఆ మొండితనం పాతదే. 1586లో ఐదవ సిక్స్తుస్ పోపుగారు ఈ సంఘాన్ని ఆమోదించి, అంగీ మీద ఎర్ర సిలువ ధరించడానికి అనుమతించారు. తల్లి కలలోని గుర్తు అది. నేడు లోకమంతా ఎరిగిన రెడ్‌క్రాస్ సంస్థ పుట్టింది 1863లో. ప్రాణాపాయం ఉన్నా, మహమ్మారి వచ్చినా రోగులను విడువమని ఆ సభవారు నాలుగో మాటపట్టు చేస్తారు. 1589లో నేపుల్స్ దగ్గర తెగులు సోకిన ఓడలను ఒడ్డుకు రానివ్వకపోతే ఈ సహోదరులే వాటిలోకి ఎక్కారు. వారిలో ఇద్దరు అక్కడే ప్రాణాలు విడిచారు.

ఆయనలో జూదరి పూర్తిగా చచ్చిపోయాడని నేననుకోను. ఉన్నదంతా ఒడ్డే స్వభావం అలాగే ఉంది. దేవుడు ఇస్తాడన్న ధైర్యంతో కొత్త ఇళ్లు, కొత్త ఆసుపత్రులు ఒప్పుకుంటూ పోయారు. సభ అప్పుల్లో మునిగింది. తోటివారిలో కొందరికి ఇది నచ్చలేదు, వారి గోడు అన్యాయమూ కాదు. 1607లో ఆయన అధిపతి పదవి వదిలి, మామూలు సహోదరుడిగా రోగుల మంచాల దగ్గరకు వెళ్లిపోయారు.

కాలిపుండు నలభై ఏళ్లు దాటినా మానలేదు. 1614 జూలై 14న రోములో కన్నుమూశారు. చివరి దినాల్లో నడవలేకపోయినా మంచం దిగి, పాకుతూ వెళ్లి, పక్క మంచాల్లోని రోగులకు ఏం కావాలో అడిగేవారు.