క్రీడావీరుడు జిమ్ థోర్ప్

తెల్లవారు రాకపూర్వమే అమెరికాలో నివసించుచుండిన జాతులలో సాక్-ఫాక్స్ అనునది యొకటి. ఆ జాతియందు, నేడు ఓక్లహోమా రాష్ట్రమైన ప్రాంతమున, 1887 ప్రాంతమున జిమ్ థోర్ప్ జన్మించెను. ఆతని కవల సోదరుడు బాల్యముననే మరణించెను. యుక్తవయస్సు వచ్చునప్పటికే తల్లిదండ్రులును గతించిరి.

1904లో ఆతడు పెన్సిల్వేనియాలోని కార్లైల్ పాఠశాలలో చేరెను. ఆదిమజాతుల పిల్లలచేత స్వభాషను, వేషమును, ఆచారములను మాన్పించి తెల్లవారి పద్ధతులు నేర్పుటకై 1879లో స్థాపింపబడిన పాఠశాల యది. కళాశాల కాకపోయినను దాని ఫుట్‌బాల్ జట్టు గొప్ప కళాశాలలతో తలపడుచుండెను. 1911లో హార్వర్డు జట్టును 18–15 తేడాతో ఓడించినప్పుడు థోర్ప్ కాలినొప్పితోనే ఆడి జయమునకు ముఖ్యకారకుడయ్యెను.

1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్ క్రీడలలో ఐదంశముల పోటీయందును, పదియంశముల పోటీయందును ఆతడే ప్రథముడు. మొదటిదానిలో ఐదింట నాలుగంశములు గెలిచెను. రెండవదానిలో 8,412 పాయింట్లు సంపాదించెను.

ఈ కీర్తి ఎంతోకాలము నిలువలేదు. 1909, 1910 సంవత్సరములలో ఆతడు ఉత్తర కరోలినాలో స్వల్పవేతనమునకు బేస్‌బాల్ ఆడినట్లు 1913 జనవరిలో పత్రికలు వెల్లడించెను. ఆటకు సొమ్ము పుచ్చుకొన్నవాడు ఒలింపిక్ పోటీలకు అనర్హుడని నాటి నియమము. కళాశాల విద్యార్థులు పలువురు మాఱుపేర్లతో అట్లే ఆడుచుండిరి. థోర్ప్ మాత్రము సొంతపేరుతో ఆడి పట్టుబడెను. ఆక్షేపణ ముప్పది దినములలో తెలుపవలెనను నిబంధన యున్నను, దానిని పాటింపక పతకములు తీసికొనిరి.

1914లో అమెరికా శాసనసభ్యుల సంఘమొకటి కార్లైల్‌పై విచారణ జరిపెను. ఆటలవలన వచ్చిన నిధినుండి ఆటగాండ్రకు సొమ్ము ముట్టుచుండినట్లు అప్పుడు బయటపడెను. పెద్దలు నడపిన పద్ధతికి శిక్ష అనుభవించినది విద్యార్థి! ఆ పాఠశాల 1918లో మూతపడెను.

థోర్ప్ పిమ్మట వృత్తిక్రీడాకారుడై బేస్‌బాల్, ఫుట్‌బాల్ రెండును ఆడెను. 1920లో ఏర్పడిన వృత్తి ఫుట్‌బాల్ సంఘమునకు తొలి అధ్యక్షుడయ్యెను. ఆట విరమించిన తరువాత కూలిపనులు చేసి, చలనచిత్రములలో చిన్నవేషములు వేసి జీవించెను. 1950లో అమెరికా పత్రికారచయితలు ఆ అర్ధశతాబ్దపు అత్యుత్తమ క్రీడాకారునిగా ఎన్నుకొనిరి. పేదరికముననే 1953 మార్చి 28న కన్నుమూసెను. ఒలింపిక్ సంఘము 1982లో తీర్పు మార్చుకొనగా, 1983లో పతకముల ప్రతులు ఆతని సంతానమునకు చేరెను. అయినను ద్వితీయులతోపాటు సహవిజేతగానే ఆతని పేరు నిలిచెను. ఏకైక విజేతగా ప్రకటించుటకు 2022 దాకా పట్టెను.

ఆ దేశపు కళాశాల క్రీడాసంఘము, ఆటగాండ్రు తమ పేరు వాడుకొన్న వ్యాపారులనుండి సొమ్ము పొందుటకు 2021లో సమ్మతించెను. 2025 జూలై నుండి కళాశాలలే వారికి నేరుగా చెల్లించుటకును వీలు కలిగెను. ఆ సొమ్ములో స్త్రీల క్రీడలకు తగిన భాగము దక్కునాయను వివాదమును వెంటనే తలయెత్తెను. ఆటవలన ధనము వచ్చునప్పుడు, ఆడినవానికి న్యాయమైన పాలు దక్కవలెనను సత్యమును థోర్ప్ జీవితము చాటుచున్నది.